మల్‌సూన్ నోటి మాట

జేజు దీవిలో సముద్రంలో మునిగి చిప్పలు తెచ్చే ఆడవాళ్లు ఒడ్డుకు రాగానే రాతిగోడ చాటున నిప్పు వేసుకుని చలి కాచుకుంటారు. పొగ రాని వైపు ఆరితేరినవాళ్లు, పొగ కొట్టే వైపు కొత్తవాళ్లు కూర్చోవాలి. అక్కడి వేళాకోళాలకు హద్దుండదు. అందులో మల్‌సూన్‌ది అందె వేసిన చేయి. నలభై ఏళ్లుగా మునుగుతున్న ఆ మనిషి నోరు విప్పితే నవ్వనివాళ్లు లేరు.

ఆ రోజు హేరన్ అందరికంటే ఆఖరున వచ్చింది. భర్త పోయాక ముసలి అత్తగారిని పోషించడానికి ఆమె ఈ పనిలో దిగి మూడేళ్లయింది. పని నేర్పింది మల్‌సూనే. హేరన్ వలసంచిలో ఉన్నవి నాలుగు నత్తలు. వణుకుతూ నిప్పు దగ్గరికి జరగబోయింది.

"ఏమే, ఎక్కడికే జరుగుతున్నావు?" అంది మల్‌సూన్. "నాలుగు నత్తలకే ఇంత చలా? మోకాటి లోతులో పసిపిల్లలు ఏరుకొస్తారే వాటిని! మీ అత్తకు పెట్టే తిండే దండగ అనుకున్నా ఇన్నాళ్లూ. కాదు, ఆ ఇంట్లో దండగ మనిషివి నువ్వే!"

అందరూ పగలబడి నవ్వారు. హేరన్ కూడా నవ్వింది.

"నిజమే పిన్నీ. రేపు చూడు," అంటూ పొగలోకి జరిగి కూర్చుంది.

మల్‌సూన్ ఆ సంగతి అప్పుడే మరిచిపోయింది. నవ్వులాటకేగా అన్నాం అనుకుంటాం మనమంతా. అన్నవాళ్లకేం, పడ్డవాళ్లకు తెలుస్తుంది.

ఆ పనికి ఒక కట్టుబాటుంది. ఊపిరి అయిపోవస్తుండగా ఎంత మంచి చిప్ప కంటబడినా వదిలేసి పైకి రావాలి. మళ్లీ వెళితే దొరక్కపోవచ్చు, పోతే పోయింది. ఆ ఒక్క క్షణం ఆశపడినవాళ్లు తిరిగి రారు. మొదటి రోజే హేరన్‌కు ఈ మాట చెప్పింది మల్‌సూన్.

మర్నాడు హేరన్ ఆరితేరినవాళ్లు మునిగే లోతుకు వెళ్లింది. వెనక్కి పొమ్మని ఒకామె అరిచినా వినలేదు. నీళ్లలోంచి పైకి తేలిన ప్రతి మనిషీ ఈల వేసినట్టు ఊపిరి వదులుతుంది. మల్‌సూన్ చెవికి ఒక ఈల తగ్గినట్టనిపించింది. చూస్తే, పైకి తేలినప్పుడు హేరన్ పట్టుకునే సొరబుర్ర ఒంటరిగా అలల మీద ఊగుతోంది. మల్‌సూన్ ఉన్నపళాన మునిగింది.

అడుగున అరచేతిని మించిన, అన్నిటికంటే ధర పలికే జొన్‌బోక్ చిప్ప రాతికి కరుచుకుని ఉంది. దాన్ని పెళ్లగించబోయిన ఇనుప పలుగు దాని కిందే ఇరుక్కుంది. పలుగు తాడు హేరన్ మణికట్టుకు బిగుసుకుపోయింది. తాడు కోసి పైకి తెచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది.

చావింట్లో ఊరంతా ఒకటే మాట, సముద్రం తీసుకుపోయిందని. మల్‌సూన్‌ను పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది. హేరన్ అత్తగారి ముందు నేలకు తల ఆనించింది.

"సముద్రం కాదు పెద్దమ్మా, నేనే. నవ్వులాటకన్నాను. దండగ మనిషివని…"

"నాకు తెలుసే," అంది ముసలామె. "ఆ పూట కోడలు అన్నం ముట్టలేదు. ఏమ్మా అంటే, దండగ మనిషికి తిండెందుకత్తా అని నవ్వింది. బతిమాలినా తినలేదు."

 ముసలామె మల్‌సూన్ వైపు వంగి మళ్లీ అంది.

"ఊపిరి ఎలా బిగబట్టాలో నా కోడలికి నేర్పావు. ఒక్క మాట బిగబట్టుకోవడం నువ్వెప్పుడు నేర్చుకుంటావే, మల్‌సూన్?"