రోడ్డు మీద పేరు

మా ఆయన ఎల్వియోకీ, మా అమ్మ ఒర్సొలాకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. మాటల్లేవంటే ఇల్లు ప్రశాంతంగా ఉందనుకునేరు. ఇద్దరూ నాతో మాట్లాడతారు, ఒకరి గురించి ఒకరు, నా చెవులు చిల్లులు పడేలా. ఆయనకి ఆవిడ "మీ అమ్మ". ఆవిడకి ఆయన "ఆ చక్రాలోడు". పేరు మాత్రం పొరపాటున కూడా నోటి వెంట రానివ్వదు.

గొడవంతా మొరీనా దగ్గర మొదలైంది. మొరీనా మా అమ్మ మందకి రాణి. మా లోయలో రాణి అంటే ముద్దుగా పిలుచుకునే మాట కాదు. శరత్కాలంలో చూడి ఆవుల్ని ఎదురెదురుగా వదులుతాం. కొమ్ములు కలిపి తోసుకుంటాయి. అన్నిటినీ వెనక్కి నెట్టి చివరికి నిలబడిందే రాణి. మొరీనా పుట్టిన వారానికే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది నేను. ఆరేళ్ళ కిందట ఎల్వియో సైకిలు మీద కొండ కనుమ మీంచి బ్రేకు ముట్టకుండా దిగుతున్నాడు. మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో అది. ఆయన భుజం ఎముక విరిగింది. అది బెదిరి రోడ్డు కింద రాళ్ళలో పడి, కడుపులో దూడతో సహా పోయింది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "సైకిలు ఫ్రేముకేం కాలేదుగా?"

మంచం పక్కనే మా అమ్మ నిలబడి ఉంది. ఆవు పోయినా అల్లుణ్ణి చూడ్డానికి కొండ దిగి వచ్చింది పాపం. ఆ మాట విని, తెచ్చిన జున్ను ముద్ద కిటికీలో పెట్టేసి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

నాకు పెద్ద కోరికలేం లేవు. ఒక్కపూట, ఒక్క బల్ల దగ్గర, ఈ ఇద్దరూ కూర్చుని నేను వండిన పొలెంటా, అదే మా మొక్కజొన్న సంకటి, తినాలి. అంతే. అందుకే ఈ వేసవిలో ఎల్వియో తొడలకి నూనె రాసుకుంటూ, "ఈసారి సైకిలు పందెంలో కనుమ మీదికి నేనే ముందెక్కుతా. మీ అమ్మ నోటితోనే నా పేరు అనిపిస్తా, చూడు," అంటే నేను ఆ మాట మూట కట్టుకుని కొండెక్కాను.

మా అమ్మ వేసవంతా పైనే, జాతీయ పార్కు లోపలి మేత భూమిలో ఉంటుంది. పార్కు రాకముందు నుంచీ అక్కడ మా వాళ్ళ మందలే మేసేవి. నేను చెప్పింది విని, గుడ్డలో జున్ను పిండుతూనే నవ్వింది.

"ఎవరిమీద గెలుస్తాడంట?"

"తుల్లియో మీద. ఆ తూరిన్ పళ్ళ డాక్టరు లేడూ, మూడేళ్ళుగా వాడేగా గెలుస్తుంది."

"పళ్ళు పీకేవాడి మీద కూడా గెలవలేకనా ఇన్నేళ్ళూ ఆ బిగుతు నిక్కరేసుకుని తిరుగుతున్నాడు? సరే. ముందెక్కితే మీ ఇంటికొస్తా. వాడి బల్ల దగ్గరే కూర్చుని తింటా. చాలా?"

"ఒట్టు?"

"నేనెప్పుడన్నా మాట తప్పానటే?"

తప్పలేదు. మా అమ్మలో ఎన్ని దుర్గుణాలున్నా అది మాత్రం లేదు.

పందెం నాడు పొద్దున్నే సున్నం బకెట్టు పట్టుకుని పైకి వెళ్ళాను. మా దగ్గర పందెమప్పుడు మనవాళ్ళ పేరు రోడ్డు మీద రాస్తాం. పార్కులో రంగు వెయ్యనివ్వరు కాబట్టి కొట్టాలకి వేసే సున్నంతో రాస్తాం, వాన పడితే పోతుంది. కనుమకి ముందు ఆఖరి నిటారు మలుపు మా అమ్మ పాక పక్కనే. అక్కడికి చేరేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. రోడ్డుకి అడ్డంగా, ఇవతలి అంచు నుంచి అవతలి అంచు దాకా, నిలువెత్తు తెల్లటి అక్షరాల్లో ఎల్వియో పేరు ఉంది.

"ఎవరు రాశారమ్మా?"

"నేనే. నోటితో అననన్నాను గానీ, రాయనన్నానా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పేరు దగ్గరికి వెళ్ళబోతే మా అమ్మ రెక్క పట్టుకుని లాగింది. "తొక్కి చెరిపేస్తావు, ఇటు రా." ఆ పెళుసు గొంతులో కూడా నాకు ప్రేమే వినిపించింది. పిచ్చిదాన్ని. కంచె లోపల ఆవులు మెడలు చాచి ఒకటే అరుస్తున్నాయి. గంటల మోత చెవులు పగలగొడుతోంది. వాటికెందుకంత ఆత్రమో అడగాలని కూడా తోచలేదు.

పార్కు గార్డు ఎజిదియో వచ్చి నిలబడ్డాడు. వీడొక చాదస్తుడు. రోడ్డుకి ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క పార్కు పచ్చిక. పచ్చికలో కాలు పెట్టిన సైకిలు వాడు పందెంలోంచి అవుటు. పూలు నలుగుతాయట. రెండు వందల ఆవులు తొక్కితే నలగని పూలు మా ఆయన తొక్కితే నలుగుతాయి కాబోలు.

కింద డ్యాము దగ్గర రెండు చుక్కలు కనిపించాయి. మిగతావాళ్ళు ఎక్కడో వెనకబడ్డారు. ముందు ఎల్వియో, వెనక చక్రానికి అతుక్కుని డాక్టరు. ఒక్కసారన్నా ముందుకొచ్చి ఎదురుగాలి పంచుకోడు వాడు, ఎప్పుడూ అంతే. ఆఖర్న ఎగిరి దూకుతాడు. వాడి వెక్కిరింతలు మలుపు మలుపుకీ పైకి వినిపిస్తున్నాయి.

"నీ వీపెంత వెడల్పయ్యా ఎల్వియో! గాలి చుక్క తగలట్లేదు. ఇంకాస్త తిని ఉండాల్సింది, ఎండ కూడా తగిలేది కాదు!"

"నోరు కాదురా, కాళ్ళు తిప్పు!"

తర్వాతి మలుపులో ఎల్వియో సీటు మీంచి లేచాడు. సైకిల్ని అటూ ఇటూ పీకుతూ తొక్కాడు. ఇంకా తొక్కాడు. డాక్టరు మెడ వాలిపోయింది. ఇద్దరి మధ్యా ఇల్లంత సందు, తర్వాత వీధంత సందు. నేను అరుస్తూ గెంతుతున్నాను. దిగేటప్పుడు ఆయన ఛాతీకి చలి తగలకుండా చొక్కాలో పెట్టుకోవడానికి తెచ్చిన పాత పేపరు నా చేతిలో నలిగి ఉండైపోయింది.

మలుపు తిరిగి ఎల్వియో పైకి చూశాడు. తన పేరు చూశాడు. గోడ మీద నిలబడ్డ మా అమ్మని చూశాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. పెళ్ళి రోజున కూడా అంత వెలిగిపోలేదు.

మా అమ్మ గోడ దిగి కంచె తలుపు తీసింది.

మంద మొత్తం వరదలా రోడ్డు మీద పడింది. ఆవులు పేరు మీద మూగి, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, నాలుకలు బారెడు చాచి నాకడం మొదలుపెట్టాయి. అది సున్నం కాదు, ఉప్పు. మందకి వారం నుంచి ఉప్పు వెయ్యలేదని నాకు తర్వాత తెలిసింది.

ఎల్వియో బ్రేకేసి కాలు కింద పెట్టాడు. "హేయ్! హేయ్!" అని అరిచాడు, ఒక ఆవు వెనక తట్టు మీద చేత్తో కొట్టాడు. అది తోక కూడా ఆడించలేదు. పచ్చిక వైపు చూశాడు. ఎజిదియో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవుటైపోతావు, ఎల్వియో."

"ఈ ఆవుల్ని తీయించు మరి!"

"వాటికి రోడ్డు మీద హక్కుంది. నీకంటే ముందు."

డాక్టరు కూడా వచ్చి ఆగాడు. ఊపిరి అందక రొప్పుతూనే పళ్ళికిలించాడు. "నీ అభిమానులు బాగా ఎక్కువయ్యారు."

అప్పుడు ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఎల్వియో నేరుగా మా అమ్మతో మాట్లాడాడు. "అత్తా! పిలవండి వాటిని. మీరు పిలిస్తే వస్తాయి."

"పిలుస్తా. దాని పేరు చెప్పు."

"ఏ పేరు?"

"నువ్వు చంపినదాని పేరు. క్షమాపణ అక్కర్లేదు నాకు. పేరు చెప్పు చాలు. చెప్పిన మరుక్షణం దారి వదుల్తా, నువ్వే ముందెక్కుతావు, నేనే మీ ఇంటికొచ్చి తింటా."

ఎల్వియో నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది.

"ఆ నల్లావు..."

"పేరు."

"రె... రెజీనా."

"అది మా పక్కింటామె పేరు."

డాక్టరు పకాలున నవ్వాడు. కింద మలుపులో మిగతా సైకిళ్ళు కనిపిస్తున్నాయి. ఎల్వియో నా వైపు తిరిగాడు. కళ్ళతో బతిమాలుతున్నాడు. పేరు నా నాలుక చివరే ఉంది. పెదాలు కదిపితే చాలు, అందుకునేవాడు. నేను కోరుకున్న బల్ల, ఆ ఇద్దరూ, పొలెంటా, అన్నీ ఆ ఒక్క పేరు అవతలే ఉన్నాయి.

నేను చేతిలోని పేపరు వంక చూస్తూ నిలబడ్డాను.

మా అమ్మ ఒక్కో ఆవునీ పేరు పెట్టి పిలిచింది. ఒక్కోటీ తల ఎత్తి, తప్పుకుని ఆవిడ వెనకే వెళ్ళింది. దారి తెరుచుకోగానే డాక్టరు దూసుకుపోయాడు. అంత నిటారులో మళ్ళీ ఎక్కి తొక్కడానికి ఎల్వియో కాళ్ళలో సత్తువ లేదు. ఒకసారి జారాడు, రెండోసారి కదిలాడు. అప్పటికి వెనకవాళ్ళు కూడా దాటేశారు.

చాలాసేపటికి పై నుంచి తిరిగి వచ్చి నా ముందు ఆగాడు. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. పేపరు ఇచ్చాను, తీసుకోలేదు.

"నీకు గుర్తుందా దాని పేరు?"

"ఉంది."

"చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా? ఆరేళ్ళలో ఒక్కసారన్నా?"

ఇప్పుడన్నా అడుగుతాడేమోనని ఎదురుచూశాను. బ్రేకులు ఒకసారి నొక్కి చూసుకుని, పేరు ఉన్న చోట మిగిలిన తడి మీదుగా కిందికి దిగిపోయాడు.