బ్రేకు లేని కుట్టుమిషను

నా కుడికాలి బొటనవేలికి మొదటినుంచీ పక్కింటి వ్యవహారాలంటే సరదా. ఏటికేడాది పక్కవేలి మీదికి ఒరుగుతూ వచ్చింది. చివరికి చోటు చాలక ఆ రెండోవేలు దీని నెత్తినెక్కి కూర్చుంది. ఇవతలవైపు ఎముక నిమ్మకాయంత పొడుచుకొచ్చింది. ఏ చెప్పు వేసుకున్నా అక్కడే కొరికేది. ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన కాలు, దానికీ ఓ రోజు కోపం రావాలిగా. డాక్టరు ఎక్స్‌రే చూసి, "దీన్ని బునియన్ అంటారమ్మా. ఎముక కోసి సరిచెయ్యాలి, రెండోవేలిని కూడా నిటారుగా చెయ్యాలి" అన్నాడు.

నేనేమో పన్ను పీకించుకోవడం లాంటిదే అనుకున్నాను. వారం పడుకుంటే చాలనుకుని, స్కూలువాళ్ళు కుట్టమన్న అరవై యూనిఫాం చొక్కాలకీ గుడ్డ కత్తిరించి కట్టలు కట్టి మరీ ఆపరేషనుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా పాదం చిన్న దిండంత ఉంది. రెండోవేలి కొసనుంచి ఓ తీగ బయటికొచ్చింది, దాని చివర పసుపు రంగు పూస. ఇన్నేళ్ళూ సూదిలోకి దారం ఎక్కించినదాన్ని, చివరికి నాలోకే సూది ఎక్కించి పంపారు.

"ఆరు వారాలు మడమ మీదే నడవాలి. ముందుపాదం నేలకి ఆనకూడదు. కూర్చున్నంతసేపూ కాలు ఎత్తు మీదే ఉండాలి" అన్నాడు డాక్టరు.

"మిషను తొక్కొచ్చా అండీ?"

"తొక్కితే తీగ వంగుతుంది. తీగ వంగితే మళ్ళీ మొదట్నుంచీ కోస్తాను."

స్కూలు తెరవడానికి నాలుగు వారాలే ఉన్నాయి.

రెండు వీధుల అవతల ఉండే మా అమ్మాయి చూడ్డానికొచ్చింది. నా పాదాన్ని చూసింది, కట్టలు కట్టలుగా ఉన్న గుడ్డల్ని చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అమ్మా, ఇంక చాలు. ఆ మిషను అమ్మేద్దాం. కొనేవాళ్ళు కూడా ఉన్నారు. కాలు బాగవగానే మళ్ళీ దాని ముందే కూర్చుంటావు, మళ్ళీ పాడుచేసుకుంటావు."

"స్కూలువాళ్ళకి మాటిచ్చానే."

"ఎలా ఇస్తావు? మంచం మీద పడుకుని కుడతావా?"

"ఎలాగోలా ఇస్తాను. నీకెందుకు?"

"అయితే విను. స్కూలు తెరిచే ముందురోజు సాయంత్రానికి అరవై చొక్కాలూ ఇచ్చావా, ఇంక జన్మలో ఆ మిషను మాటెత్తను. ఒక్కటి తగ్గినా మర్నాడే వచ్చి పట్టుకుపోతారు. సరేనా?"

పౌరుషానికి పోయి సరే అన్నాను. అని మా ఆయన వైపు చూశాను, నా తరఫున ఒక్క ముక్కైనా మాట్లాడతారేమోనని. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై మూడేళ్ళయింది. కూతురి మాటకి ఎదురు చెప్పడం ఆయన ఇంటావంటా లేదు.

"అది చెప్పేదీ నిజమేనే. కాలక్షేపానికి కుట్టుకునేదానివి, మానేస్తే ఏం కొంపలు మునిగిపోతాయి?" అన్నారు.

కాలక్షేపమట! ఆయన తెల్లవారకముందే ఖాకీ చొక్కా తొడుక్కుని వెళ్తే అది డ్యూటీ. ఇంటి పనంతా అయ్యాక నడుం విరిగేలా కుడితే నాది కాలక్షేపం. ఆ పిల్ల చదువులో సగం ఈ కాలక్షేపం మీదే నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలన్నా గోడకి చెప్పినట్టు చెప్పాను.

తొమ్మిదో రోజు ఆయన బజారుకి వెళ్ళగానే మడమ మీద కుంటుకుంటూ ముందుగదిలోకి వెళ్ళాను. నాది మోటారు మిషను. పెడలు బల్ల కింద కడ్డీకి బిగించి ఉంటుంది, అటూ ఇటూ జరపడానికి లేదు. ముందు కుడికాలు పక్కన స్టూలు మీద పెట్టి ఎడమకాలితో ప్రయత్నించాను. ఇన్నేళ్ళూ ఊరికే కూర్చుని తిన్న కాలు అది, దానికేం తెలుసు? పైగా నడుం మెలిపెట్టి కూర్చుంటే సూది కింద గుడ్డే కనిపించదు. ఇలా లాభం లేదని కుడికాలు మెల్లగా కిందికి దించాను. పసుపు పూస పెడలుకి బెత్తెడు దూరంలో ఉంది. సరిగ్గా అప్పుడే మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"నీకు మతి గానీ పోయిందా? మళ్ళీ కోయించుకుంటావా?"

"మరెవరు తొక్కుతారు? మీరా?"

"ఏం, తొక్కలేననుకున్నావా? ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి. ఇదో లెక్కా?" అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, పెడలు మీద కాలు పెట్టారు. అద్దం ఉంటే సర్దుకునేవారే.

నేను కాలరు సూది కింద పెట్టి, "ఊఁ, మెల్లగా" అన్నాను. మెల్లగానే పోనిచ్చారు. ఫరవాలేదే అనుకున్నాను. కాలరు మూల వచ్చింది.

"ఆపండి!" అన్నాను.

మిషను రెచ్చిపోయింది. కాలరు దాటి, చొక్కా భుజం దాటి, నా జాకెట్టు చేతి అంచుని కూడా కలుపుకుని కుట్టేసింది.

"ఆపమంటుంటే వినపడదా?"

"ఆపాను కదే!"

"ఇదా ఆపడం? ఇంకా గట్టిగా తొక్కారు!"

"ఆపాలంటే తొక్కక ఏం చేస్తారు మరి?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన కాలికి ఆపడమంటే బ్రేకు తొక్కడమే. ముప్పై ఏళ్ళు ఎవరు ఆపమని అరిచినా ఆ కాలు తొక్కి ఊరుకుంది. నా మిషనుకి బ్రేకు లేదు, కాలు తీస్తేనే ఆగుతుంది. నేను ఎంత గట్టిగా ఆపండి అంటే ఆయన అంత గట్టిగా తొక్కుతారు. మనిషికి చెబితే అర్థమవుతుంది గానీ కాలికి ఎవరు చెబుతారు?

"కాలు తియ్యండి" అని చూశాను. "ఏ కాలు?" అని అడిగారు. ఆ సమాధానం చెప్పేలోపు జేబు నోరు కుట్టుకుపోయింది. "వదలండి" అన్నాను, ఆయన గుడ్డ వదలమన్నాననుకుని చేతులు పైకెత్తారు, కాలు మాత్రం అక్కడే ఉంది. నేనే నా కాలెత్తి తన్నాలనిపించింది, ఎత్తడానికి అది ఉంటేగా. ఆ పూటకి మేం కుట్టినవి మూడు, నేను విప్పినవి మూడు. ఆయనకేమో తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు: "బండిలోనే ఏదో లోపం ఉందే" అంటారు.

మర్నాడు పొద్దున ఆయన బస్సులో పనిచేసిన పాత కండక్టరు ఫోన్ చేశాడు. మా ఆయన వరండాలో కూర్చుని ఎప్పటి గొప్పలే చెప్పుకుంటున్నారు. "డిపోలో డీజిలు మిగల్చడంలో నన్ను మించినవాడు ఎవడురా? పల్లం కనిపిస్తే చాలు, యాక్సిలరేటరు మీంచి కాలు దానంతటదే లేచిపోయేది. ఎత్తు వచ్చేదాకా మళ్ళీ ఆనించేవాణ్ణి కాదు."

నేను మంచం మీంచే కేక పెట్టాను. "ఏవండీ, ఫోన్ పెట్టేసి ఇలా రండి!"

కాలరు మళ్ళీ సూది కింద పెట్టాను. మూల దగ్గరికి రాగానే, "పల్లం!" అన్నాను.

మిషను ఠక్కున ఆగింది. మా ఆయన తన కాలి వైపు చూసుకున్నారు. దాని మానాన అది గాల్లో ఉంది. నేను గుడ్డ తిప్పుకుని "ఎత్తు" అన్నాను. మళ్ళీ మెత్తగా ఆనింది.

ఆ రోజునుంచి మా ముందుగది ఘాట్ రోడ్డు అయిపోయింది. పొడుగు కుట్టుకి "రైట్, రైట్", కాలరు వంపుకి "మలుపుంది, చూసుకోండి", జేబు మూలకి "పల్లం". వీధిలో వెళ్ళేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి చూసేవారు. ఓ ముసలాయనైతే ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందని అడిగాడు. గంటకోసారి మా ఆయనే బండి ఆపి, నా పాదం కింద దిండు సర్ది, పూస వంక అనుమానంగా చూసి, "వేళ్ళు ఆడించు" అనేవారు. రాత్రిపూట మంచం మీద నేను గుండీలు కుడుతుంటే పక్కన కూర్చుని రేపటి చొక్కాల కట్టలు లెక్కపెట్టుకునేవారు. ఆయన పక్కనుండడం నాకు బాగుండేది.

ఆఖరి రోజు మధ్యాహ్నం రెండున్నరకి యాభై ఆరు అయ్యాయి, మిగతా నాలుగింటికీ చేతులూ అంచులూ మాత్రమే మిగిలాయి. అయిదింటికి స్కూలు మనిషి వస్తాడు. ఎలాగూ అయిపోతాయిలే అనుకుంటుండగా మూడింటికి కరెంటు పోయింది. మా ఆయన కాలుగాలిన పిల్లిలా వీధిలోకీ లోపలికీ తిరిగారు. నిజంగా కాలు కోయించుకున్నదాన్ని నేను కదలకుండా కూర్చున్నాను. నాలుగుంపావుకి వచ్చింది. ఒక చొక్కా పూర్తయింది, ఇంకోటి సగంలో ఉండగా ఫోన్ మోగింది. మా అమ్మాయి. ఆయన స్పీకరు నొక్కి బల్లమీద పెట్టారు.

"ఎన్నయ్యాయి నాన్నా?"

"యాభై ఏడు."

"ఇంకేం అవుతాయి? రేపు పొద్దున్నే వచ్చి మిషను తీసుకెళ్ళమని చెప్పేస్తున్నా. అమ్మకి నువ్వే నచ్చజెప్పు."

నా చేతులు గుడ్డమీదే ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఆ పిల్లకి సరేనమ్మా అని తప్ప ఇంకోమాట చెప్పగా నేను వినలేదు. ఇక నా మిషను పోయినట్టే అనుకున్నాను.

"ఇప్పుడు మాట్లాడకూడదమ్మా. డ్యూటీలో ఉన్నాం" అన్నారాయన.

"డ్యూటీ ఏంటి నాన్నా? నువ్వు రిటైరై మూడేళ్ళయింది!"

"నేనయ్యాను. మీ అమ్మ కాలేదు" అని ఫోన్ పెట్టేశారు.

నా కళ్ళ నిండా నీళ్ళు వచ్చేశాయి. సూదీ కనిపించలేదు, కుట్టూ కనిపించలేదు. ఆయనకి ఇవేవీ తెలీవు, కాలు పెడలుమీద సిద్ధంగా పెట్టుకుని ముందుకే చూస్తున్నారు.

"చెప్పవేమే? ఎదర ఎత్తా, పల్లమా?"

"రోడ్డు బాగుంది. పోనివ్వండి" అన్నాను.

స్కూలు మనిషి వచ్చి గుమ్మంలో పది నిమిషాలు నిలబడాల్సొచ్చింది. అరవయ్యో చొక్కా అంచు మడిచి కుట్టేదాకా మా ఆయన సీట్లోంచి లేవలేదు.