కదలనివ్వని కోడలు

దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో డాక్టరు రాహేలమ్మను చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. ఆమె సగం లేచి, ఆయాసంతో మళ్లీ కూలబడింది.

"ఊపిరితిత్తుల జబ్బు నిరుడు ఉన్నట్టే ఉంది. కాళ్లలో కండే కరిగిపోయింది. ఇంట్లో ఏమైనా పని చేస్తుందా?" అని అడిగాడు.

"పనా? మా కోడలు సలోమి పుల్ల గూడ తియ్యనియ్యది సారూ," అంది రాహేలమ్మ మురిసిపోతూ. "మంచినీళ్లు సుత మంచం కాడికే తెస్తది. ఎల్బీ నగర్ అంత ఎతికినా గిట్లాంటి పిల్ల దొరకది."

డాక్టరు సలోమి వైపు తిరిగాడు. "అట్లా కూర్చోబెడితే ఉన్న బలమూ పోతుందమ్మా. ఆగుతూ ఆగుతూ అయినా రోజూ నడవాలి."

సలోమి తల దించుకుంది. అత్త కూరగాయలు తరుగుతానన్నప్పుడల్లా దమ్ము వస్తుందని కత్తిపీట లాక్కున్నది తనే. చర్చిలో అమ్మలక్కలు మెచ్చుకుంటుంటే లోలోపల పొంగిపోయిందీ తనే.

ఆయా చక్రాల కుర్చీ తెచ్చింది. సలోమి వద్దని చెప్పి, అత్తకు చేయి అందించింది. "గేటు దాకా మెల్లగ నడుద్దాం అత్తమ్మా."

రాహేలమ్మ మొహం చిన్నబోయింది. "ఏంది బిడ్డా, నేను బరువైతున్ననా?"

సలోమి చాపిన చేయి వెనక్కి తీసుకోలేదు.