తెల్లగీత

ఆ పొద్దున ఆకాశం ఏకని దూదిలా ఉంది. మబ్బుంది గానీ కదలిక లేదు. గాలి ఎక్కడో కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టుంది. మెంబరు మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ అలవాటు చొప్పున పైకి చూశాడు. రేవులో పుట్టి పెరిగినవాళ్లకు ఆ చూపు చచ్చేదాకా పోదు. ఈ రాజధానిలో నది లేదు. పార్లమెంటుకు ఆయన వెళ్లేది బస్సులో. అయినా గడప దాటేముందు మబ్బును ఒక మాట అడగాల్సిందే.

"ఇవాళ గాలి లేదక్కా," అన్నాడు లోపలికి.

"ఉంటే ఏం చేస్తావు, తెరచాపెత్తి పోతావా?" అంది అక్క, పొయ్యి దగ్గర నుంచి.

అక్క ఆయనకు తల్లి తర్వాత తల్లి. చంకనెత్తుకుని పెంచింది. ఆమె భర్త రేవులో పడవ నడిపేవాడు. ఒకనాడు నడి ఏట్లో ఆ పడవ మునిగి ఆయనా పోయాడు, ఎక్కినవాళ్లలో చాలామందీ పోయారు. కొన్నేళ్లకు తమ్ముడు ఎన్నికల్లో గెలిస్తే, ఇంత వండిపెట్టే దిక్కుంటుందని అతని వెంట వచ్చేసింది. మీ ఆయన ఎలా పోయాడని ఎవరడిగినా ఆమె దగ్గర ఒకటే మాట: "గాలి తీసుకుపోయింది." విచారణకొచ్చిన అధికారులు అదే రాసుకుపోయారు. రేవంతా అదే అంది. ఆ మాట మీదే ఆమె తలెత్తుకు బతికింది. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లు కూడా ఆమెను పల్లెత్తు మాట అనలేదు. గాలిని ఎవరు మాత్రం ఏమంటారు?

సభలో మెంబరును 'గంట మోగనాయన' అంటారు. మాట్లాడే గడువు దాటితే అధ్యక్షుడు గంట కొడతాడు. ఈయన దగ్గర ఆ గంటకు పని పడలేదు. పైరు తెగులైనా, బడి పైకప్పయినా నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. మీరు మిగిల్చిన టైమంతా నా పేర రాసివ్వండి, మా మనవడి దాకా మాట్లాడుకుంటాం అని పక్క సీటు లాయరు ఎప్పుడూ ఆట పట్టిస్తుంటాడు.

ఆ రోజు పడవల బిల్లు చర్చకొచ్చింది. ప్రతి పడవ పక్కనా ఒక తెల్లగీత గీయాలి. జనం ఎక్కాక ఆ గీత నీళ్లలోకి పోతే పడవ కదలడానికి వీల్లేదు. చూసి ఆపడానికి ప్రతి రేవులోనూ ఒక మనిషి ఉండాలి. మిగతా బిల్లు మీద ఎవరికీ పేచీ లేదు, గీత దగ్గరే తగువంతా. మర్నాడు ఓటింగు. మెంబరు సొంత పార్టీలోనే సగం మంది గీత ఎత్తేయమంటున్నారు. లాయరూ వాళ్లలో ఒకడు. లేచి, పడవలు మునిగేది గాలికే గానీ బరువుకు కాదని వాదించి, సాక్ష్యంగా మెంబరు సొంత రేవు సంగతే ఎత్తాడు. విచారణ నివేదిక చదివి వినిపించాడు. గీత గీస్తే గాలి ఆగుతుందా అని అడిగితే సభ గొల్లుమంది.

మెంబరు లేచాడు.

"ఆ రోజు నేను గట్టు మీద ఉన్నాను అధ్యక్షా. గాలి కొంచెమే. బరువెక్కువ. మా రేవు పడవలకు అప్పటికే గీత ఉండేది, పెద్దల నాటి నుంచి. అది నీళ్లలోకి పోయింది. నడిపినాయన చూశాడు. చూసే పడవ తీశాడు. ఆయన్ను ఆపే మనిషి లేడు. ఆ మనిషి కావాలని అడుగుతున్నాను."

అధ్యక్షుడు అడ్డుపడ్డాడు. సభకు వచ్చి జవాబు చెప్పుకోలేనివాళ్ల మీద నింద వేయడం ఇక్కడి పద్ధతి కాదని మెల్లగా గుర్తుచేశాడు.

"నింద కాదు అధ్యక్షా. ఆయన మా బావ."

నవ్విన నోళ్లు మూతపడ్డాయి. మెంబరు కూర్చున్నాడు. గంటతో ఆ రోజూ పని పడలేదు.

అధ్యక్షుడు తీర్పు చెప్పాడు. పోయినాయన కుటుంబం వద్దంటే ఆ మాటలు రికార్డు నుంచి తీసేస్తారు. తీసేసిన మాటను రేపు ఎవరూ ఎత్తకూడదు, ఓటుకు ముందు మంత్రి కూడా ఉదహరించకూడదు. ఉంచాలో కొట్టేయాలో సాయంత్రం సభ ముగిసేలోగా మెంబరు సంతకం చేసి పంపాలి. వరండాలో పార్టీ విప్ భుజం మీద చెయ్యేశాడు. కొట్టేయించుకో, మీ అక్కగారి పరువూ దక్కుతుంది, లాయరూ ఊరుకుంటాడు అని నచ్చజెప్పాడు. మెంబరు ఇంటికి బస్సెక్కాడు.

సభ నడిచినంతసేపూ అక్క రేడియో పెట్టుకునే ఉంటుంది. తమ్ముడి మాట వస్తే కత్తిపీట పక్కనపెట్టి వింటుంది. ఆయన వెళ్లేసరికి రేడియో కట్టేసి ఉంది. కత్తిపీట ముందు సగం తరిగిన కూరగాయలు అలాగే ఉన్నాయి. వెనకాలే వచ్చిన సభ బంట్రోతు, నెరిసిన మీసాలాయన, మెంబరు సభలో అన్న మాటలు టైపు చేసిన కాగితం ఇచ్చి వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు.

మెంబరు కాగితం బల్ల మీద పెట్టి, అధ్యక్షుడు చెప్పినదంతా చెప్పాడు. నువ్వు వద్దంటే కొట్టేస్తారక్కా అన్నాడు. అని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు, చిన్నప్పుడు పలక పగలగొట్టుకొచ్చినప్పటిలా.

అక్క పొయ్యిగట్టు తుడుస్తూనే ఉంది. తుడిచిందే తుడిచింది.

"పడవ తాడు విప్పింది నువ్వేగా ఆ రోజు," అంది చివరికి.

"నేనే. చాలు బావా అన్నాను. ఏరు నాకు కొత్తా అన్నాడు."

"అని మీసం దువ్వుకున్నాడు."

మెంబరు తలెత్తాడు. మీసం సంగతి ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"అన్నం క్యారియరు తెచ్చాను," అంది అక్క. "నీ వెనకాలే ఉన్నాను. గీత కోసం నేనూ చూశాను. కనపడలేదు. కేకేద్దామనుకున్నా. పదిమందిలో మొగుణ్ణి చిన్నబుచ్చడమెందుకని ఊరుకున్నా. క్యారియరు మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నా."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"తాడు విప్పినవాడివి. నీకు నిద్ర పట్టొద్దూ?"

మెంబరు బల్ల అంచు పట్టుకున్నాడు. అక్క తలెత్తుకు తిరగాలని ఇన్నేళ్లూ ఆయన గాలి అన్నాడు. తమ్ముడికి నిద్ర పట్టాలని ఇన్నేళ్లూ ఆమె గాలి అంది. ఒకే ఇంట్లో ఒకే అబద్ధాన్ని చెరో చివరా పట్టుకుని మోశారు.

అక్క చేతిలో గుడ్డ పిండి ఆరేసింది. "ఉండనీ," అంది. "చెడ్డవాడు కాదని కూడా ఒక ముక్క రాయించు. అంతకుముందు ఏటికి అడ్డంపడి, కొట్టుకుపోయేవాళ్లను ఎంతమందిని లాక్కొచ్చాడు, అది ఎవరికి తెలుసు?"

"కొత్త మాట చేర్చనివ్వరక్కా. టైపులో తప్పుంటే దిద్దుకోవడం వరకే."

"మా బావ అన్నావుగా. అదుందా అందులో?"

"ఉంది."

"చూపించు."

ఆమెకు చదువు రాదు. ఆయన ఆ ముక్క మీద వేలు పెట్టాడు. ఆమె వంగి చూసింది, ముఖం చూసినట్టు చూసింది.

"చాలు. సంతకం పెట్టు."

సంతకం అయ్యాక బంట్రోతు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. సభ ముగిసేలోగా అందజేయాలన్నాడు. భోజనం వేళ మీరిపోయింది, సాయంత్రానికి ఇంకా పొద్దుంది, రెండు ముద్దలు తిని వెళ్లండి అన్నయ్యా, సభ ఎక్కడికీ పారిపోదు అంది అక్క. సగంలో ఆగిన కూర కాస్తా పొయ్యి మీదకెక్కింది. ఆయన మళ్లీ కూర్చున్నాడు.

అక్క ఎప్పుడూ అందరికీ పెట్టాక తినేది. ఆ రోజు మూడు కంచాలు ఒకేసారి పెట్టింది. ముగ్గురూ కూర్చున్నారు. ఉప్పు తక్కువైంది. ఎవరూ అడగలేదు. కిటికీ బయట మబ్బు మెల్లగా జరగడం మొదలుపెట్టింది. అక్కాతమ్ముళ్లిద్దరూ అటు చూశారు, మళ్లీ కంచాల్లోకి చూసుకున్నారు. అక్క తమ్ముడికి మారు వడ్డించింది. ఆయన వద్దనలేదు. ముగ్గురూ తిన్నారు.