చేతికి దిగని బంతి

రిఫరీ తప్పు చేశాడు, ఆట మళ్లీ మొదలైపోయింది. అప్పుడు లేచి ఆ తప్పు దిద్దమంటే అది పొగరా, చెప్పండి? డెబోరాని మాత్రం అలాగే అన్నారు.

కోట ఊరి స్కూలు మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు రోజూ ముందు చీపుర్లు పట్టి కోర్టు మీది ఇసుక ఊడ్చేవాళ్లు, తర్వాతే బంతి ముట్టేవాళ్లు. సముద్రపు గాలి వాళ్లు ఊడ్చినంతా మళ్లీ తెచ్చిపోసేది. డెబోరా వాళ్లమ్మ ఎస్తేరమ్మ రొయ్యల షెడ్డులో తలకాయలు తీస్తుంది. ఫైనల్లో గెలిచిన జట్టుకు కావలి కాలేజీలో సీట్లు, హాస్టలు. ఓడితే సోమవారం నుంచి డెబోరా కూడా షెడ్డుకే అని ఇంట్లో మాటైపోయింది.

ఫైనల్ ముత్తుకూరు జట్టుతో. ఆట చివరికొచ్చింది, కోట ఒక్క పాయింటు వెనకుంది. బంతితో దూసుకుపోతున్న డెబోరాను ముత్తుకూరు కెప్టెన్ బిందు భుజంతో తోసింది. రిఫరీ కామాక్షయ్య ఈల ఊది, గీత బయటి నుంచి బంతి విసరమని కోట జట్టుకిచ్చి ఊరుకున్నాడు. నిజానికి క్వార్టర్‌లో ఒక జట్టుకు నాలుగు ఫౌల్స్ నిండాక, మళ్లీ తోస్తే అవతలి పిల్లకు రెండు ఫ్రీ త్రోలివ్వాలి, అంటే ఎవరూ అడ్డుపడకుండా రింగులో వేసే బంతులు, ఒక్కోటి ఒక పాయింటు. ముత్తుకూరుకు ఆ నాలుగూ అప్పటికే నిండాయి. నిండినట్టు టేబుల్ మీద ఎర్రగుర్తు నిలబెట్టాలి. స్కోరు రాసే గిరిబాబు, అది గాలికి ఎగిరిపోతోందని కాలికింద తొక్కిపెట్టుకున్నాడు.

ఆట సాగింది. బిందు బంతి లాక్కుంది. కోట పిల్ల చెయ్యి తగిలి అది గీత దాటింది. కామాక్షయ్య దాన్ని తీసి బిందుకు అందించాడు. బంతి ఆయన చేతిని వదిలింది గానీ బిందు చేతికి చేరలేదు. ఇద్దరి మధ్యా, గాల్లో నిలబడిపోయింది.

పిల్లలు నీళ్ల సీసాలు తీశారు. టీ అమ్మే నాగులమ్మ గ్లాసులు కడుక్కుంది. గోరింక ఒకటి వచ్చి బంతి మీద వాలింది. అంతసేపూ కళ్లల్లో ఇసుక కొట్టిన గాలి బంతి పక్కగా ఒదిగి పోతోంది. కింద దాని నీడ మెల్లగా ఊపిరి పీలుస్తోంది. ఇది ఎవరి కోసం ఆగింది? డెబోరా చుట్టూ చూసింది. టేబుల్ కింద ఎర్రగా ఏదో కనబడింది.

"గిరన్నా, నీ కాలికింద ఏంది?"

గిరిబాబు కాలు తీసి నాలిక కరుచుకున్నాడు. తనకు రావలసిన రెండు ఫ్రీ త్రోలూ ఇప్పించమని డెబోరా కామాక్షయ్యను అడిగింది.

"ఓడిపోయేటప్పుడే గుర్తొస్తాయి ఈమెకు రూల్సు," అంది బిందు.

కామాక్షయ్య ముఖం ముడుచుకుంది. "ఆట సాగిపోయిందమ్మా. అయిపోయినదాన్ని తవ్వుతావా?"

"సాగింది సార్, కాదనను. కానీ మళ్లీ ఆగింది. ఆగినాక బంతి ఇంకా ఎవరి చేతికీ పోలేదు. పోయిందాకా దిద్దొచ్చని రూలు. మీరు దిద్దితే మీ పెద్దరికం ఎక్కడికీ పోదు సార్."

కామాక్షయ్య బంతి వంక చూసి, ఈల ఊది, తప్పు తనదేనని అందరికీ వినబడేట్టు చెప్పి, రెండు వేళ్లు చూపించాడు.

గోరింక ఎగిరింది. బంతి నేల తాకకుండా మెల్లగా తేలుతూ వచ్చి డెబోరా అరచేతుల్లో కూర్చుంది. వెచ్చగా ఉంది. ఆమె రెండూ రింగులో వేసింది, కోట ఒక్క పాయింటు ముందుకొచ్చింది. ఆట ఆగిన చోటి నుంచే, బిందు చేతి నుంచే మొదలైంది. ముత్తుకూరు వేసిన చివరి బంతి ఇనుప రింగుకు తగిలి బయటపడింది.

సోమవారం షెడ్డుకు ఎస్తేరమ్మ ఒక్కతే పోయింది.

అన్నిచోట్లా బంతి ఆగదు. కాబట్టి తప్పు కనబడగానే మీరే లేవండి, ఆట ఆపించండి, అది మరో చేతికి చేరకముందే నోరు తెరిచి చెప్పండి.