బ్యాగుల కాపలా

సెలవుల్లో మా అన్నయ్య, వదిన షాపింగ్‌కి బయల్దేరడమంటే దండయాత్రే. ఇంట్లో బీరువా తలుపు భుజంతో నెడితే గాని మూసుకోదు. అయినా 'ఆఫర్' అన్న మాట చెవిన పడితే చాలు, ఇద్దరికీ కాలు నిలవదు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని కిందటిసారి తెచ్చిన టోస్టర్లలో ఒకటి ఇంకా పెట్టెలోనే ఉంది. ఆ ఉచితంగా వచ్చింది కూడా పెట్టెలోనే ఉంది.

ఈ దండయాత్రకు అమ్మ కావాలి. బట్టలు ఎంచడానికి కాదు, బ్యాగుల దగ్గర కూర్చోవడానికి. నిరుడు అంత పెద్ద మాల్‌లో అమ్మ చూసింది ఒక్క బెంచీని. కదిలే మెట్ల పక్కన కూర్చోబెట్టి, చుట్టూ బ్యాగులు పేర్చి, కోటలో కాపలావాణ్ణి వదిలినట్టు వదిలేసి వెళ్లారు. బ్యాగులు పోతాయేమోనని మంచినీళ్లకైనా లేవలేదట.

ఈసారి నేను ఒప్పుకోలేదు.

"అత్తయ్యా, చెప్పులేసుకోండి. ఆలస్యమైతే మంచివన్నీ అయిపోతాయి," అంది వదిన.

"అమ్మ రాదు. మేమిద్దరం ఇంట్లో పాత సినిమా చూస్తున్నాం," అన్నాను.

"పాత సినిమానా? అందులో అందరూ బూడిద పూసుకున్నట్టుంటారు కదే!" అన్నయ్య నవ్వాడు. "సర్లే, పట్టభద్రురాలు సెలవిచ్చాక మనమెంత?"

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. నేను ఏ మాటన్నా ఆ డిగ్రీతోనే నా నెత్తిన మొట్టడం వాడికి అలవాటు.

"మరి బ్యాగులెవరు చూస్తారు?" వదిన నిజంగానే అడిగింది.

"రెండు చేతులకు సరిపడా కొనుక్కోండి వదినా. ఎవరూ చూడక్కర్లేదు."

తలుపు ధడేలుమంది.

నేను ఊరికే పట్టుబట్టలేదు. మా చిన్నప్పుడు నాన్నకు మిల్లులో సాయంత్రం షిఫ్టు. మ్యాట్నీ చివరికొచ్చేసరికి మిల్లు సైరన్ కూసేది. నాన్నకు అన్నం డబ్బా సర్దాలని అమ్మ మమ్మల్ని చెరో చేత్తో పట్టుకుని హాల్లోంచి బయటపడేది. అలా బోలెడు సినిమాలు చూసింది గాని, ఒక్కదాని ముగింపూ చూడలేదు. వాటిలో ఇవాళ మేం చూడబోయే ఈ లైట్‌హౌస్ సినిమా ఆమెను ఇప్పటికీ వదల్లేదు. తుఫానులో లైట్‌హౌస్ దీపం ఆరిపోతుంది. సముద్రంలో ప్రియుడి ఓడ. కాపలావాడి కూతురు మెట్లెక్కి పైకి పరుగెడుతుంది. సరిగ్గా అక్కడ అమ్మ లేచి వచ్చేసింది. "ఆ ఓడ ఏమైందో ఏమో," అని వంట చేస్తూ చేస్తూ అనేది. ఎవరైనా చెప్పబోతే మాత్రం చెవులు మూసుకునేది. కళ్లతో చూడాలట.

సినిమా మొదలైన కాసేపటికే అమ్మ ఫోను మోగింది. వీడియో కాల్, ఫోను నిండా వదిన ముఖం.

"అత్తయ్యా, కర్టెన్లు లేతాకుపచ్చ తీసుకోనా, ముదురాకుపచ్చా?"

"ఉన్న కిటికీలన్నిటికీ కర్టెన్లున్నాయి కదమ్మా?"

"ఉన్నాయనే కదా మారుస్తున్నాం!"

ఆ తర్వాత దుప్పట్లు. ఆ తర్వాత బిస్కెట్లు పెట్టుకునే గాజు బాతు. ఫోను మోగినప్పుడల్లా అమ్మ కథ వదిలేసి కళ్లజోడు వెతుక్కుంటోంది. చివరికి ఆ ఫోను తీసుకెళ్లి పప్పు డబ్బాలో పెట్టి మూత బిగించాను.

తెరమీద తుఫాను మొదలైంది. అమ్మ కాళ్లు సోఫా మీదికి ముడుచుకుని, చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. అప్పుడు వచ్చారు, సంచులూ రొప్పులూ.

"ఫోనెందుకెత్తవమ్మా? ఒక బ్యాగు పోయింది!" అన్నయ్య కేకలు. "బెంచీ మీద పెట్టి ఇలా తిరిగి అలా చూసేసరికి లేదు."

"అందులో నా కొత్త చెప్పులున్నాయి అత్తయ్యా!"

"నువ్వుంటే పోయేదా అమ్మా? ఇవాళే ఆఖరి రోజు, మళ్లీ వెళ్లి కొనాలి. పద, వచ్చి కూర్చుందువుగాని."

తెరమీద దీపం ఆరిపోయింది. అమ్మ లేచి నిలబడింది.

మిల్లు మూతపడి ఏళ్లవుతున్నా ఆ సైరన్ అమ్మ కాళ్లలో మోగుతూనే ఉంది. కాలు అప్పుడే చెప్పుల కోసం తడుముతోంది.

"సినిమా ఎక్కడికి పోతుంది? బటన్ నొక్కి ఆపండి. వచ్చాక చూసుకుంటుంది," అన్నాడు అన్నయ్య.

అమ్మ వాడి వంక చూసింది. చేతికొకటి, భుజానికొకటి, చంకలో గాజు బాతు.

"మీ నాన్నకైతే ఆకలేసేదిరా. నీకేమొచ్చింది?"

అమ్మ తిరిగి కూర్చుంది.

"నువ్వు కాస్త పక్కకు జరుగు తల్లీ. ఓడ కనబడట్లేదు."

వదిన జరిగింది. బ్యాగులు దించాలని కూడా తోచక ఇద్దరూ గోడవారన నిలబడిపోయారు. తెరమీద ఆ పిల్ల తన పెళ్లిబట్టల పెట్టె లైట్‌హౌస్ పైకి ఈడ్చుకెళ్లి, ఉన్నవన్నీ గుట్టగా పోసి నిప్పంటించింది. మంట ఎగసింది. చీకట్లో ఓడ మెల్లగా అటు తిరిగింది.

"అయ్యయ్యో, ఒక్కసారి కూడా కట్టనివి!" వదిన గుండె మీద చెయ్యేసుకుంది.

అమ్మ ఆ మాట విననేలేదు. ముందుకు వంగి, చెంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"వచ్చేసిందే," అంది నా చెయ్యి పట్టుకుని. "ఓడ వచ్చేసింది."