ఏడో నంబరు

నీటి పరీక్షల ల్యాబులో ఆమెను అందరూ టైట్రేషన్ అక్క అనేవారు. పదకొండేళ్లుగా అదే బల్ల దగ్గర, అదే కిటికీ పక్కన నిలబడి, ఫ్యాక్టరీల నుంచీ ఆస్పత్రుల నుంచీ వచ్చే నీళ్ల సీసాలు పరీక్షించేది. బ్యూరెట్ అనే సన్నటి గాజుగొట్టంలోంచి బొట్టు బొట్టుగా మందు వదులుతూ, కింద ఫ్లాస్కులో ఎరుపు నీలంగా మారే క్షణాన్ని పట్టుకునే ఆ టైట్రేషన్ పనిలో ఆమె చేతికి తిరుగులేదు. యంత్రం చూపించిన అంకె మీద అనుమానం వస్తే కుర్రకారంతా ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆ సోమవారం ఉదయం రీడింగు రాసుకోవడానికి చేతికి కాగితం అందక, ప్రింటరు కింద ఉన్న అట్టపెట్టెలోంచి ఒకటి లాగింది. ఒకవైపు అచ్చయి పనికిరానివాటిని అందులో పడేస్తారు, రెండోవైపు చిత్తుకి వాడుకుంటారు. రీడింగు రాసి, ఊరికే కాగితం తిప్పి చూసింది. అది ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు.

జూనియర్ కెమిస్టు పోస్టుకి. కెమిస్ట్రీలో తొంభై ఒక్క శాతం. సాయంత్రం కాలేజీ. పగటిపూట పాల డెయిరీ పరీక్షల గదిలో మూడేళ్ల అనుభవం. సంతకం కింద తారీఖు పోయిన బుధవారంది. ఆ తొంభై ఒకటి వెనకాలే తాను ఇప్పుడు ఏదో ఆస్పత్రి బోరునీళ్ల రీడింగు రాసింది.

పెట్టె బయటికి లాగి, నేల మీద కూర్చుని చూసింది. అరవై ఏడు దరఖాస్తులు ఉన్నాయి. కొన్నింటి వెనక అప్పటికే ఎవరెవరో కూడికలు చేశారు, ఒకదాని మీద టీకప్పు అడుగు మరక. అన్నీ రకరకాల కాలేజీలవి. కొండమీద యూనివర్సిటీది మాత్రం ఒక్కటీ లేదు. ఆ యూనివర్సిటీ పేరు చెబితే ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా లేచి కుర్చీ వేస్తారు. అక్కడి వాళ్లవి ఆరు దరఖాస్తులు, మేనేజరు బల్ల మీద, నీలం ఫైలులో భద్రంగా ఉన్నాయని ఆమెకు తెలుసు. శనివారం సాయంత్రమే ఆయన ఆ ఫైలు చూపించి, "ఆరుగురిని పిలుస్తున్నాం. గురువారానికి ప్రాక్టికల్ పరీక్ష తయారు చెయ్యి" అన్నాడు.

ఆ కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. ఆయనా ఆమే ఒకే ఏడాది ఈ ల్యాబులో చేరారు. ఆయన ఆరు నెలలు వెనక. నీళ్లు కొలిచి తీసే పిపెట్ గొట్టం పట్టుకోవడం రాక తడబడుతుంటే నేర్పింది ఆమే. అప్పట్లో అక్కా అనేవాడు. మేనేజరయ్యాక ఆ పిలుపు పోయింది, ఆమె మాటలోకి సార్ వచ్చి చేరింది.

"సార్, ఈ అమ్మాయిని ఎందుకు పిలవలేదు?"

ఆయన కాగితం అందుకుని, కాలేజీ పేరు దాకా చదివి ఆగిపోయాడు. "సాయంత్రం కాలేజీ."

"తొంభై ఒకటి కూడా ఉంది అందులో."

"అలాంటి కాలేజీల్లో మార్కులకేం కొదవ? వాళ్లే పేపరు పెడతారు, వాళ్లే దిద్దుతారు. అక్కడి తొంభై ఒకటి, కొండమీద అరవైకి సమానం అవుతుందో కాదో. నాకు డెబ్బై మూడు దరఖాస్తులు చదివే తీరిక ఎక్కడుంది చెప్పు. ఎక్కడో ఒకచోట జల్లెడ పట్టాలి కదా."

"డెయిరీలో మూడేళ్లు చేసింది సార్. మన ఆరుగురిలో ఒక్కరైనా ల్యాబులో పనిచేశారా?"

"వాళ్లు నేర్చుకుంటారు."

"నేనూ కొండమీద చదవలేదు. మరి నన్నెలా తీసుకున్నారు?"

ఆయన నవ్వాడు. చాలాకాలం దాచుకున్న జోకు చెప్పేవాడిలా కుర్చీ వెనక్కి వాల్చాడు. "నీ కథ వేరు. నీకెవరూ చెప్పలేదా? మీ కాలేజీకీ, కొండమీద యూనివర్సిటీకీ ఒకే పెద్దమనిషి పేరు పెట్టారు కదా. అప్పటి మేనేజరు సారు నీ దరఖాస్తు మీద ఆ పేరు చూసి అదే అనుకుని పిలిచాడట. ఇంటర్వ్యూలో కూర్చున్నాకే తెలిసింది. వచ్చిన మనిషిని పొమ్మంటే బాగోదని పరీక్ష పెట్టారు. నువ్వు మొదట వచ్చావు, తీసుకోక తప్పలేదు. రిటైరయ్యేరోజు ఆయనే చెప్పాడు నాకు. అదృష్టవంతురాలివి."

ఆ రోజు తన మార్కులు చూసి పిలిచారని ఆమె పదకొండేళ్లుగా నమ్మింది. ఆ నమ్మకంతోనే కూతురిని పొద్దున్నే లేపి కూర్చోబెట్టి చదివించింది. పైపోస్టు రెండుసార్లు ఖాళీ అయినప్పుడు తనను దాటిపోతే, తనలోనే ఏదో లోపం ఉందనుకుని ఇంకాస్త ఒళ్లు వంచి పనిచేసింది. ఇప్పుడు చెవుల్లోంచి వేడి ఆవిరి వస్తున్నట్టుంది.

"ఈ అమ్మాయిని పిలవండి సార్," అంది గొంతు పెంచకుండా. "గురువారం పేర్లుండవు, కాలేజీలుండవు. నంబర్లే. ఈమె ఏడో నంబరు. పిలవకపోతే పరీక్ష మీరే పెట్టుకోండి."

ఆయన బ్యూరెట్ ముట్టుకుని నాలుగేళ్లయింది, పరీక్ష పెట్టడం ఆయన వల్ల కాదు. "సరేలే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి," అన్నాడు.

ఇంట్లోనూ అదే గొడవ ఎదురైంది. కూతురు ఇంటరు పాసయింది. కొండమీద సీటు వచ్చింది, కానీ భూగోళశాస్త్రంలో. కొండకింద అమ్మ చదివిన కాలేజీలో ఫిజిక్సు సీటు. పిల్లకు ఫిజిక్సంటే ప్రాణం. శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చాలి.

"కొండమీదకే పంపుదాం," అన్నాడు భర్త. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "నా బస్సులో రోజూ చూస్తాను. ఆ స్టాపులో ఎక్కే పిల్లలతో కండక్టరు కూడా మర్యాదగా మాట్లాడతాడు."

"కండక్టరు మర్యాద కోసం నేను మూడేళ్లు పటాలు గీస్తూ కూర్చోవాలా నాన్నా?" అని కూతురు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు. మార్కులుంటే ఎక్కడ చదివినా ఒకటే అంటావు కదా ఎప్పుడూ."

"నన్నడక్కు," అని కసిరింది ఆమె. "నాకేం తెలుసని అడుగుతున్నావు? ఎవరి బతుకు వాళ్లే చూసుకోండి."

పిల్ల బిత్తరపోయింది. ఆమె వంటగదిలోకి వెళ్లి, తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది. మేనేజరు మీద చూపించాల్సినదంతా కన్నబిడ్డ మీద కక్కానని తెలిసి, ఇంకా మండిపోయింది.

గురువారం ఏడుగురూ వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక సీసా నీళ్లు, ఒక బ్యూరెట్, కోటు మీద నంబరు చీటీ. నీళ్లలో కఠినత్వం ఎంతో తేల్చాలి. అందరి బ్యూరెట్లకీ కుళాయి దగ్గర సన్నటి కారుడు ఉండేలా ఆమె కావాలనే వదులు చేసిపెట్టింది. చూసుకోకుండా మొదలుపెడితే లెక్క ఎక్కువ వస్తుంది. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ ఉండవు, పనిలో మాత్రం రోజూ ఉంటాయి.

డెయిరీ అమ్మాయి పొట్టిగా, మోచేతుల దాకా చేతులు మడిచిన కోటుతో వచ్చింది. బ్యూరెట్ నింపి, ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు చూస్తూ నిలబడింది. తర్వాత చెయ్యెత్తి, "ఇది కారుతోంది మేడం. వేరేది ఇస్తారా, లేకపోతే బాగుచేసుకోమంటారా?" అంది. రెండో నంబరు కూడా కారుడు కనిపెట్టింది గానీ, సగం పని అయ్యాక. మళ్లీ మొదటినుంచీ చేసింది. నెమ్మదస్తురాలు, తెలివైన పిల్ల. మిగిలిన అయిదుగురూ అందమైన చేతిరాతతో తప్పు జవాబు రాశారు.

యాభైకి ఏడో నంబరు నలభై ఆరు, రెండో నంబరు నలభై ఒకటి.

సాయంత్రం మేనేజరు జాబితా ముందు పెట్టుకుని నంబర్లకు పేర్లు కలిపాడు. చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుని, స్కేలుతో కొత్త గడి ఒకటి గీశాడు. దానిమీద 'ప్రవర్తన, మాటతీరు' అని రాశాడు.

"దీనికి పది మార్కులు. రెండుకి తొమ్మిదెయ్యి, ఏడుకి మూడెయ్యి. సంతకం పెట్టు."

రెండుకి యాభై, ఏడుకి నలభై తొమ్మిది. ఆమెకు కూడిక చెయ్యాల్సిన పనే లేకపోయింది.

"ఈ అమ్మాయి ఏం తప్పుగా ప్రవర్తించింది సార్?"

"చూడు, క్లయింట్లకి మన వాళ్ల వివరాలు పంపుతాం. అందులో కొండమీద అని ఉంటే రిపోర్టు మీద మారుమాట ఉండదు. సాయంత్రం కాలేజీ అని ఉంటే ప్రతి అంకెకీ ఫోను చేస్తారు. నేనేమైనా ఆ అమ్మాయి మీద పగబట్టానా? లోకం అలా ఉంది."

"లోకం గడి గియ్యలేదు. నువ్వు గీశావు, ఇప్పుడే, నా ముందు."

చాలా ఏళ్ల తర్వాత ఆమె నోట నువ్వు అన్న మాట వచ్చింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"పదకొండేళ్లుగా నేను సంతకం పెట్టిన రిపోర్టుల మీద ఎంతమంది ఫోను చేశారు? ఒక్కరి పేరు చెప్పు. కొండమీద సెకండ్ క్లాసులో గట్టెక్కి వచ్చావు, నీ చెయ్యి పట్టుకుని నేర్పించాను. అప్పుడు నా కాలేజీ ఏదని అడగలేదే."

"మాట మీరుతున్నావు."

"నేను వేసిన మార్కుల కిందే సంతకం పెడతాను. నీ గడి కింద నువ్వు పెట్టుకో."

అలాగే జరిగింది. ఆయన మరో కాగితం మీద మొత్తం తిరగరాసి, తానే సంతకం పెట్టి డైరెక్టరుకి పంపాడు. రెండో నంబరుకి ఉత్తరం వెళ్లింది.

శుక్రవారం పొద్దున డెయిరీ అమ్మాయికి ఆమే ఫోను చేసింది. జరిగినదంతా దాచకుండా చెప్పింది. అవతల పాలక్యాన్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నారు మేడం? మీ మనసు తేలికపడ్డానికా?"

"కాదమ్మా. తెలియాలని."

"నాకు తెలుసు. ఇది తొమ్మిదో ఇంటర్వ్యూ. నిన్న సెలవు దొరక్క సూపర్‌వైజరుతో తిట్లు తిని వచ్చాను. తీసుకోరని తెలిసీ పిలిచారా?"

"తీసుకుంటారనుకున్నాను. నాది తెలివితక్కువతనం."

"నేను మొదట వచ్చానని కాగితం మీద రాసివ్వగలరా? మీ సంతకంతో?"

రాసిచ్చింది. ఫలానా రోజు తాను పెట్టిన పరీక్షలో ఏడుగురిలో ఈమె మొదటిదని, లోపమున్న పరికరాన్ని పని మొదలుపెట్టకముందే పట్టుకున్నది ఈమె ఒక్కతేనని. ఆ ఉత్తరం పట్టుకుని ఆ అమ్మాయి ఎన్ని తలుపులు తట్టిందో గానీ, మూడు నెలలకి ఒక ఆస్పత్రి ల్యాబులో చేరింది. ఈలోగా ఉత్తరం సంగతి మేనేజరు చెవిన పడి టైట్రేషన్ అక్కకు మెమో వచ్చింది. "నేను రాసినదాంట్లో అబద్ధం ఏదో చూపించండి" అని ఒక్క వాక్యం జవాబు రాసి పంపింది. వాళ్లు మళ్లీ ఏమీ అడగలేదు. పరీక్షలు పెట్టే పని మాత్రం ఆమెనుంచి తీసేశారు.

ఆ శుక్రవారం సాయంత్రమే కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుంది. మొదట, కసిరినందుకు తప్పు ఒప్పుకుంది. తర్వాత తన దరఖాస్తు కథ చెప్పింది.

"ఇన్నాళ్లూ నీకు సగమే చెప్పాను. లోపలికి వెళ్లాక నిలబెట్టేది చదువే. లోపలికి పిలిపించేది మాత్రం చాలాచోట్ల పేరే. అది న్యాయం కాదు, అయినా ఉంది. కొండకింద చదివితే ప్రతిచోటా రెండింతలు రుజువు చేసుకోవాలి. తెలిసి దిగు."

పిల్ల గోళ్లు కొరుక్కుంటూ ఆలోచించింది. "ఫిజిక్సే చదువుతానమ్మా," అంది. "కానీ నాకిప్పుడు చాలా కోపంగా ఉంది."

"ఉండనీ," అంది తల్లి.

మరుసటి నెల మొదటి తారీఖున రెండో నంబరు ఉద్యోగంలో చేరింది. పని నేర్పమని ఆమెను అక్క బల్ల దగ్గరికే పంపారు. పిల్ల వినయంగా ఉంది, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటోంది. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు సంతోషంగా అడిగింది.

"అక్కా, పరీక్షలో నేనే ఫస్టటగా. సార్ చెప్పారు."

అబద్ధం చెబితే పోయేదేమీ లేదు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు.

"కాదు. రెండో దానివి. మొదట వచ్చినమ్మాయి సాయంత్రం కాలేజీలో చదివింది, అందుకని తీసుకోలేదు."

పిల్ల చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. "నాకెవరూ చెప్పలేదక్కా."

"ఇప్పుడు నేను చెప్పాను."

"ఆ అమ్మాయి నాకంటే ఎంత బాగా చేసింది?"

ఆమె కొత్తపిల్ల ముఖంలోకి చూసింది. ఏడుపు లేదు, సాకులు లేవు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. కోపం తగ్గలేదు గానీ, ఈ పిల్ల మీద చూపించేది కాదది. టీ గ్లాసు పక్కన పెట్టి, బ్యూరెట్ అందుకుని కుళాయిని పరీక్షరోజులాగే కొంచెం వదులు చేసింది.

"ఇలా రా, చూపిస్తాను," అంది.